పాత నంబరు, కొత్త నంబరు

ఎసరు మరుగుతోంది. విశ్రాంతమ్మ ఎడమచేత్తో రవ్వ జారవిడుస్తూ కుడిచేత్తో తెడ్డు తిప్పుతోంది. ఎనభైమంది ఆడపిల్లలకు సరిపడే ఉప్మా మణికట్టుతో తిప్పితే తిరగదు, నడుం నుంచి తిప్పాలి. దుమ్ముగూడెం చర్చి హాస్టల్లో పన్నెండేళ్ళుగా అలా తిప్పీ తిప్పీ ఆమె కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలింది. పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ విరిగితే అక్కడ నల్లదారం కట్టుకుంది. ఈ రోజు మాత్రం పొయ్యి దగ్గర కూడా ఇస్త్రీ చీరలో ఉంది. మసి అంటకుండా నడుం చుట్టూ పాత దుప్పటి ముక్క చుట్టుకుంది.

"ఇగ నువ్వు పో అక్కా. ఆరుగంటల బస్సు పోతే మళ్ళ ఎనిమిదికే," అంది ఆదెమ్మ, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ. ఆదెమ్మది అడవి లోపలి కోయగూడెం. హాస్టల్లో ఆమె కూడా వంటమనిషే.

"ఉప్పు ఏసిన. నువ్వు మళ్ళ ఎయ్యకు."

"కొత్త పుస్తకం వచ్చిందంటివి గద. ఇంక ఖమ్మం ఎందుకు?"

"వచ్చిన పాస్‌పోర్టు పోలీసాఫీసుల సూపెట్టాలె. ఎల్లుండితోని ఈడ ఉండే నా పర్మిట్ అయిపోతది. కొత్త పుస్తకం సూస్తేనే ఇంకో ఏడాది ఇస్తరు."

ఆదెమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. "నాకైతే ఒక్క కాగితం లేదు. ఎన్నడు పుట్టిన్నో మా అమ్మకే ఎరుక లేదు. నన్నెవ్వరు అడగలే."

"నువ్వు ఈడ పుట్టినవ్. నిన్నెందుకడుగుతరు?" అంటూ విశ్రాంతమ్మ దుప్పటి ముక్క విప్పి కొక్కేనికి తగిలించింది.

గేటు దగ్గర వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న హాస్టల్ పిల్ల పుష్పలత, "అపా ఖబర్, వంటమ్మా!" అని కేకేసింది. ఎలా ఉన్నావని అర్థం. ఎప్పుడో పిల్లలు మీ దేశం భాషలో ఒక మాట చెప్పమని పట్టుబడితే విశ్రాంతమ్మ చెప్పింది. ఖబర్ మన దగ్గర కూడా ఉంది కదా, ఇంక అదేం వేరే భాష అని వాళ్ళు చాలా నిరాశపడ్డారు. అయినా ఆ పలకరింపు మాత్రం ఏ సంవత్సరం పిల్లలు ఆ సంవత్సరం నేర్చుకుంటూనే ఉన్నారు.

దుమ్ముగూడెంలో అందరికీ ఆమె హాస్టల్ వంటమ్మ. ప్రభుత్వం లెక్కలో మాత్రం మలేసియా దేశస్థురాలు. ఆమె తండ్రి గోదావరి జిల్లా నుంచి ఓడెక్కి వెళ్ళి అక్కడి రబ్బరు తోటలో పాలు గీసేవాడు. ఆమె ఆ తోటలోనే పుట్టింది. తోటలో ఒక తెలుగు బడి ఉండేది. ఆ బడిలో పాఠాలు చెప్పడానికి దుమ్ముగూడెం నుంచి వచ్చిన ఆరోగ్యం అనే కుర్రవాడిని ఆమె పెళ్ళి చేసుకుంది. తర్వాత కొన్నాళ్ళకే అక్కడ పని చేసే పరాయి దేశాల వాళ్ళందరికీ పర్మిట్ ఉండాలన్నారు. ఆరోగ్యానికి ఆ పర్మిట్ రాలేదు. అక్కడ అతను పరాయివాడు. 1970లో అతనితోపాటు ఓడ దిగినప్పుడు ఇక్కడ ఆమె పరాయిదైంది.

భర్త బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె ఈ దేశపు పౌరసత్వం అడగలేదు. తల్లి అక్కడే ఉండేది. ఆ పాస్‌పోర్టు చేతిలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తల్లి దగ్గరికి వెళ్ళొచ్చనుకుంది. పిల్లలు పుట్టి దక్కలేదు, వెళ్ళేందుకు వీలూ కలగలేదు. 1994లో ఆరోగ్యం పోయాడు. ఐదేళ్ళకు తల్లి పోయిందని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివిన తర్వాత కూడా ఆమె ఏడాదిపైన ఊరుకుంది. 2001లో ఒకరోజు హాస్టల్ వార్డెన్ గ్రేస్ దగ్గరికి వచ్చి, "నన్ను ఈడిదాన్ని చేసే కాగితం ఏదన్న ఉంటే రాయి బిడ్డా," అని అడిగింది. ఆ దరఖాస్తు ఐదేళ్ళుగా నడుస్తోంది. ఈలోగా పాస్‌పోర్టు గడువు ముగిసే రోజులు వచ్చాయి. గడువు తీరితే పర్మిట్ ఉండదు, పర్మిట్ లేకపోతే దరఖాస్తు నిలవదు అన్నారు.

అందుకే పోయిన నెల గ్రేస్‌ను తోడు తీసుకుని చెన్నైలోని మలేసియా కాన్సులేట్‌కు వెళ్ళింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి మలయ్‌లో పలకరిస్తే విశ్రాంతమ్మకు చిన్నప్పటి మాటలు ఒకటొకటిగా నోటికి వచ్చాయి. ఆ అమ్మాయి నవ్వి ఫారం నింపడానికి సాయం చేసింది. ఆ ఆదరణకు విశ్రాంతమ్మ సిగ్గుపడింది. వదిలేయడానికి సిద్ధపడ్డ దానినే మళ్ళీ కొత్తగా ఇమ్మని చేయి చాస్తున్నట్టు అనిపించింది. తిరుగు రైల్లో గ్రేస్‌తో ఆ మాటే అంటే, "అట్ల అనుకోకు పెద్దమ్మా. అది వాళ్ళ పద్ధతి," అంది గ్రేస్.

భద్రాచలంలో బస్సు మారింది. వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఫిబ్రవరి గోదావరి ఇసుకతిన్నెల మధ్య సన్నగా పారుతోంది. సారపాకలో కాగితాల మిల్లు ముందు వెదురు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చుంది. ఆరోగ్యం ఇక్కడికి వచ్చాక బడిపంతులు కాలేకపోయాడు. అక్కడి సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లలేదు. పదమూడేళ్ళు కాంట్రాక్టరు కింద వెదురు దించాడు. రాత్రి ఇంటికి వచ్చి అరచేతులు చాపితే దీపం దగ్గర కూర్చుని సూదితో పేళ్ళు తీసేది. తీస్తున్నంతసేపూ అతను తోటలోని బడి గురించి చెప్పేవాడు. ఏ బల్ల మీద ఎవరు కూర్చునేవారో కూడా గుర్తుండేది అతనికి.

ఖమ్మం చేరేసరికి పదకొండున్నర దాటింది. పోలీసు ఆఫీసులో విదేశీయుల రిజిస్టర్ చూసేది హెడ్ కానిస్టేబుల్ హాతీరాం. లావుపాటి మనిషి, ఎప్పుడూ మెడలో తువాలు. ఆమెను చూడగానే కుర్చీ జరిపాడు.

"కూసో అమ్మా. కొత్తది వచ్చిందా? ఏదీ, సూడనియ్యి."

విశ్రాంతమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టింది. రద్దయినట్టు పాతదాని మూల కత్తిరించి ఉంది. హాతీరాం కొత్తదాన్ని తిప్పి చూసి, తర్వాత ఫైలు తీశాడు. అతని వేలు ఒక కాగితం మీద ఆగిపోయింది.

"ఇదేంది, నంబరు మారింది?"

"కొత్త పుస్తకం గద సారూ."

"అవ్, మారుతది. కానీ నీ దరఖాస్తు ఢిల్లీల పాత నంబరు మీద ఉన్నది. ఇప్పుడు నేను కొత్త నంబరు మీద పర్మిట్ ఇస్తే రెండు కాగితాలు ఒకదానికొకటి కలవవు. వేరే మనిషనుకుంటరు. రెండు ఒక్కరియ్యే అని నువ్వు ఒక లెటర్ పెట్టాలె. ఇంగ్లీషుల టైపు కొట్టించుకొని రా. జల్దీ రా అమ్మా, సారు ఒంటిగంటకు బందోబస్తుకు పోతున్నడు, మళ్ళ సోమవారమే దొరుకుతడు."

సోమవారానికి పర్మిట్ గడువు తీరిపోయి ఉంటుంది. ముప్పై ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఆమె గడువు దాటలేదు. విశ్రాంతమ్మ గబగబా బయటికి నడిచింది. గేటు ఎదురుగా వరసగా మూడు టైపు, జిరాక్సు దుకాణాలు. మూడింట్లోనూ కంప్యూటర్లే. మూడింట్లోనూ కరెంటు లేదు. మూడో దుకాణం కుర్రాడు విసనకర్రతో విసురుకుంటూ, "రెండు గంటలకొస్తది," అన్నాడు. ఆమె ఎండలో నిలబడి అటూ ఇటూ చూసింది. మళ్ళీ మెట్లెక్కి వచ్చి హాతీరాం ఎదుట నిలబడింది.

"చేత్తోని రాస్తే నడవదా సారూ?"

"ఇంగ్లీషుల రాస్తవా?"

"తెలుగుల రాస్త."

అతను గోడ గడియారం చూశాడు, ఆమె ముఖం చూశాడు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి పెన్ను చేతికిచ్చాడు. "రాయి. ఇంగ్లీషుది నేను సోమవారం కొట్టించి జత చేస్త."

విశ్రాంతమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, చిన్న బల్ల మీదికి వంగి రాయసాగింది. తోటలోని బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. బడిలో నేర్పిన తెలుగే.

"అయ్యా, పైన చూపిన పాత నంబరు గల విశ్రాంతమ్మయు, కొత్త నంబరు గల విశ్రాంతమ్మయు నేనే. ఇద్దరము ఒక్కరమే. పాతది గడువు తీరినందున కొత్తది తీసుకొంటిని. మీరు ఈ దేశములో చేర్చుకొను వరకు నాకు ఏదో ఒక దేశము ఉండవలెనని చెప్పిరి గనుక తీసుకొంటిని. మనసు మార్చుకొని కాదు. ముప్పది ఆరు సంవత్సరములుగా ఇక్కడనే ఉన్నాను. నా భర్తను ఇక్కడనే పాతిపెట్టితిమి. చిత్తగించవలెను."

హాతీరాం నిలబడే చదివాడు. మనసు మార్చుకుని కాదు అన్న చోట ఆగి, "గిది అవసరం లేదమ్మా," అనబోయి, ఆమె ముఖం చూసి కాగితాన్ని అలాగే ఫైలులో పెట్టాడు. ఫైలు పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. పది నిమిషాల తర్వాత ఆమెనూ లోపలికి పిలిచారు. బల్ల వెనక కుర్ర ఆఫీసరు అప్పటికే టోపీ పెట్టుకుని ఉన్నాడు.

"ఈ రాత ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఆడనే సార్. తోటల తెలుగు బడి ఉండె. తర్వాత మా ఆయన దిద్దిపిచ్చిండు."

ఆఫీసరు ఆ కాగితాన్ని మరోసారి చదివాడు. సంతకం చేసి, ఫైలును రెండు చేతులతో హాతీరాంకు అందించాడు.

ముద్ర వేసి ఆరేదాకా ఊదుతూ హాతీరాం చెప్పాడు. "పోయిన వారం ఢిల్లీ నుంచి కాగితమొచ్చింది. మన రిపోర్టు ముట్టిందట. ఇంక ఎంక్వైరీలు లేవు. అయితది అమ్మా, ఈ ఏడు అయితది."

"అయితే ఈ కొత్త పుస్తకం?"

"వాపసు ఇచ్చెయ్యాలె."

"ఐదేండ్లకని ఇచ్చిండ్రు గద సారూ," అని విశ్రాంతమ్మ నవ్వింది. అతనూ నవ్వాడు. ఆఫీసులో ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో పాల్వంచ దాటాక ఎడమ రొమ్ము కింద పట్టేసినట్టయింది. కొత్తగూడెం బస్టాండులో ఆకలికి తిన్న మిరపకాయ బజ్జీలు పడలేదనుకుని నీళ్ళు తాగింది. కాసేపటికి నొప్పి తగ్గింది. రోడ్డుకు రెండు వైపులా టేకుచెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి.

దుమ్ముగూడెంలో దిగేసరికి పొద్దుగూకింది. పిల్లలు గేటు దాకా ఎదురొచ్చారు.

"అయినవా వంటమ్మా మా దేశపుదానివి?" అని అడిగింది పుష్పలత.

"ఇంక కాలే. దగ్గరకొచ్చింది."

గ్రేస్ ముద్ర చూసి, తేదీ చదివి, పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. "కూర్చో పెద్దమ్మా, ఈ పూట ఆదెమ్మ వడ్డిస్తది," అంది. విశ్రాంతమ్మ వినలేదు. చీర మార్చుకుని వంటగదిలోకి వచ్చి, పిల్లలందరికీ తనే చారు పోసింది. అందరూ తిన్నాక విశ్రాంతమ్మ, పొద్దున ఆదెమ్మ నానబోసిన శనగల నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీసింది. శనివారం పొద్దున పిల్లలకు మొలకల గుగ్గిళ్ళు పెట్టాలి. మూట కింద ఒక గిన్నె పెట్టి, నీటిబొట్లు సరిగ్గా అందులోనే పడుతున్నాయో లేదో చూసి తన గదికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున ఆదెమ్మ వచ్చేసరికి పొయ్యి వెలిగి లేదు. ఎన్నడూ అలా జరగలేదు. ఆమె వెళ్ళి విశ్రాంతమ్మ గది తలుపు తట్టింది. గడియ వేసి లేదు. విశ్రాంతమ్మ పక్కకు తిరిగి, చెంప కింద అరచేయి పెట్టుకుని పడుకుని ఉంది. ఆదెమ్మ ఆమె పాదం ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది. బయటికి వచ్చి వాకిట్లో కూలబడి, ఎవరినీ పిలవకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

సాయంత్రం చర్చి వెనక, ఆరోగ్యం పక్కన ఆమెను పాతిపెట్టారు. పిల్లలు వరసగా వచ్చి తలా పిడికెడు మన్ను వేశారు. పుష్పలత వంతు వచ్చినప్పుడు, "అపా..." అని ఆగి, మన్ను వేసి పక్కకు తప్పుకుంది. గ్రేస్ హాతీరాంకు ఫోన్ చేసి చెప్పింది. అతను, "రెండు పుస్తకాలు జాగ్రత్తగ నాకు పంపుండ్రి, చెన్నైకి నేను పంపిస్త. ఢిల్లీకి కూడ రాయాలె," అన్నాడు. పంచాయతీ ఆఫీసులో మరణాల పుస్తకం తెరిచి పేరు, వయసు, భర్త పేరు రాసుకున్నారు. ఊరు అని ఉన్నచోట, గ్రేస్‌ను అడగకుండానే, గుమాస్తా దుమ్ముగూడెం అని రాశాడు. ఆ పుస్తకంలో నంబరు కోసం గడి లేదు.

శనివారం పొద్దున ఆదెమ్మ ఒక్కతే పొయ్యి వెలిగించింది. మంట ఎగసి వంటగదిలో వెలుతురు పరుచుకున్నాక తలెత్తి చూసింది. దూలానికి మూట వేలాడుతోంది, కింద గిన్నెలో నీళ్ళు తేటగా ఉన్నాయి, గుడ్డ నేతలోంచి తెల్లటి మొలకల కొసలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.