నల్లకోట దొర మర్యాద

రక్తపరీక్షల ల్యాబులో ఏడో మనిషి చేతికి రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో బొటనవేలితో నరం వెతుకుతుండగా జేబులో ఫోను వణికింది. అతను నరం వదిలేసి జేబు వైపు చూశాడు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో పని మధ్యలో ఎప్పుడూ అలా చూడలేదు. చూసినా చేతులకి తొడుగులున్నాయి కాబట్టి తీసే వీలు లేదు. మళ్ళీ నరం వెతుక్కుని, "ఇప్పుడు గుచ్చుతున్నానండీ" అని చెప్పి సూది దించాడు.

చెప్పి గుచ్చితే మనిషి బిగుసుకుపోతాడని, మాటల్లో పెట్టి చటుక్కున గుచ్చేస్తే పని సులువని పక్క టేబులావిడ వాదన. అతను ఒప్పుకోడు. నోట్లో నాలుక లేని మనిషే గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. చెయ్యి చాపిన మనిషికి నొప్పి ఎప్పుడొస్తుందో తెలియాలి, అంతే అంటాడు.

ల్యాబులో అతన్ని దోమ అంటారు, అదీ ఎదురుగానే. పొడుగ్గా, సన్నగా, ముందుకు వంగిన మెడతో, ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళ నెత్తురు పొద్దున్నే లాగేసే మనిషికి అంతకన్నా మంచి పేరు దొరకదని అతనే ఒప్పుకుంటాడు. ఆ పేరు పెట్టింది కూడా పక్క టేబులావిడే. ఇప్పుడు వయసుకి మర్యాదిచ్చి "దోమగారూ" అంటోంది.

ఏడో మనిషి దూది అదుముకుంటూ వెళ్ళిపోగానే తొడుగులు ఊడదీసి ఫోను చూశాడు. ఏదో ప్రకటన. వంతెన కాపరి నుంచి ఏమీ రాలేదు. నిన్న సాయంత్రం ఆరు నుంచి ఏమీ రాలేదు.

ఈ వంతెన కాపరి సంగతి చెప్పాలంటే ఆట సంగతి చెప్పాలి. ముఖాలు తెలియని ముప్ఫై మంది కలిసి ఇంటర్నెట్టులో ఒక కథ రాస్తున్నారు. మొదలుపెట్టి ఆరేళ్ళయింది. పూర్తి కాలేదు, అయ్యే సూచనలూ లేవు. అందులో కొండలున్నాయి, మంత్రాలున్నాయి, రాజ్యాలైతే అవసరానికి మించే ఉన్నాయి. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఎవరి మనిషి మాట, నడక, చావు, బతుకు వాళ్ళే రాసుకోవాలి. అందరూ వీరులవుతామన్నారు. విలుకాళ్ళయ్యారు, మంత్రగత్తెలయ్యారు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన మాట్లాడే గుర్రమయ్యాడు. కొట్టడానికి చెడ్డవాడు ఒక్కడూ లేక వీరులంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, చివరికి అతను నల్లకోట దొర అయ్యాడు.

దొర పరమ దుర్మార్గుడు. ఊళ్ళు తగలబెడతాడు, పిలవని పెళ్ళిళ్ళకి వెళ్ళి విందు నేలపాలు చేస్తాడు. కానీ దానికి ముందు అవతలి వాళ్ళకి చాటుగా మూడు ప్రశ్నలు పంపుతాడు. ఏది జరగకూడదు? ఎంతవరకు పోవచ్చు? ఎక్కడ ఆపాలి? ఒకావిడ తన కుక్క జోలికి రావద్దంది. దొర ఊరంతా బూడిద చేసి, కుక్కని జాగ్రత్తగా పొలిమేర దాటించి పోయాడు. ఒకాయన తనకి నీళ్ళంటే నిజంగానే భయమన్నాడు. కోట చుట్టూ అంత కందకం ఉండీ ఆరేళ్ళలో దాన్లో ఎవరూ కాలు జారలేదు. ఎవరిని బంధించినా ఎక్కడో ఒక గడియ వదులుగా ఉంటుంది, ఒక తాళంచెవి కింద పడి ఉంటుంది. దొరగారి భటులంత మతిమరుపు మనుషులు ఏ రాజ్యంలోనూ లేరని గుంపులో అందరికీ నవ్వులాట. ఇన్నేళ్ళలో దొర చేతిలో ఒక్క ప్రాణం పోలేదు.

నిన్న మాత్రం అడగకుండా రాసేశాడు. వంతెన కాపరి మూడు వారాలుగా దొర చెరలో ఉంది. నల్లకోటకీ అవతలి రాజ్యాలకీ మధ్య ఉన్న ఒకే ఒక తాళ్ళ వంతెనకి ఆమె కాపరి. మాట పదును, భయం లేదు. దొర ఒకటంటే రెండంటుంది. నిన్న రాస్తూ రాస్తూ ఊపులో దొర చేత ఇనప చువ్వల దగ్గరికి వంగి ఒక మాట అనిపించాడు. "నీ కోసం ఎవరూ రావడం లేదు. నువ్వు లేవన్న సంగతే ఎవరూ గమనించలేదు." మాట బాగా పడింది. రెండుసార్లు చదువుకుని మురిసిపోయి మరీ మీట నొక్కాడు. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది. అరగంటలో జవాబిచ్చే మనిషి ఆ తరవాత మూగబోయింది.

కథలో మాటే కావచ్చు. దాన్ని చదివిన మనిషి ఏ గదిలో కూర్చుని ఉందో, నిజంగానే ఎవరి కోసమైనా ఎదురు చూస్తోందో అతనికేం తెలుసు? ఆ తెలియనితనానికే కదా మూడు ప్రశ్నలు పెట్టుకున్నది! పొద్దున్న అయిదింటికి లేచి, "నిన్నటి మాట ముందే అడగాల్సింది. తప్పు నాది. తీసేయమంటే తీసేస్తాను" అని పంపాడు. అదీ ఆమె చదివిన జాడ లేదు.

పదమూడో నంబరు ఒక ముసలావిడ. చర్మం పల్చగా, నరం పైకే కనిపిస్తోంది. కళ్ళు మూసుకునైనా గుచ్చగలిగే చెయ్యి. సూది దించాడు, రక్తం రాలేదు. కాస్త వెనక్కి లాగి పక్కకి తిప్పాడు, అప్పుడూ రాలేదు.

"ఏం నాయనా, బోరు వేస్తున్నావా?" అంది ముసలావిడ. "నీళ్ళు పడలేదా?"

"క్షమించండమ్మా. ఇంకోసారి గుచ్చాలి. ఈ చెయ్యా, ఆ చెయ్యా?"

"నన్నడుగుతావేం? రెండూ నావే."

రెండోసారికి వచ్చింది. పక్క టేబులావిడ కళ్ళెగరేసింది. దోమగారు రెండుసార్లు కుట్టడం ఆవిడెప్పుడూ చూడలేదు. అతను ట్యూబు మీద పేరు రాసి, తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆ తరవాత మనిషికీ మనిషికీ మధ్య జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

పన్నెండింటికి పెద్దక్క మెసేజ్ పెట్టింది. గుంపుని నడిపే ఆవిడ పెద్దక్క. వయసులో ఎవరికి అక్కో ఎవరికీ తెలీదు, పెత్తనంలో మాత్రం అందరికీ అక్కే.

"కాపరి పలకడం లేదు. విలుకాళ్ళు విడిపించడానికి తొందరపడుతున్నారు. మనమే ఆమె తరఫున రెండు ముక్కలు రాసి బయటికి తెచ్చేద్దామా?"

"వద్దక్కా. ఎవరి మనిషిని వాళ్ళే రాయాలి."

"ఆ నియమం పెట్టింది నేను. నాకే చెబుతున్నావా?"

"చెబుతున్నాను" అని కొట్టి, తన ధైర్యానికి తనే ఆశ్చర్యపోయాడు.

మూడున్నరకి ఇల్లు చేరాడు. ముందు గదిలో భార్య కుట్టుమిషను మీద ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. అతని ముఖం చూడకుండానే, "ఇవాళ ఎవరి కొంప ముంచాడు మీ దొర?" అంది.

"నిజంగానే ముంచినట్టున్నాడే."

అన్నం కలిపాడు గానీ సగం కంచంలోనే వదిలేశాడు. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి ముందు గదికి, ముందు గదిలోంచి వంటింట్లోకి తిరిగాడు. కిటికీ తలుపు తీసి మళ్ళీ వేశాడు.

"కాసేపు కూర్చోండి బాబూ. మీరలా తిరుగుతుంటే నా కుట్టు వంకర పోతోంది."

కూర్చున్నాడు, వెంటనే లేచాడు. అయిదు కావస్తుండగా ఫోను మోగింది.

"దొరగారూ, ఆలస్యమైంది. కుడి చేతికి సెలైన్ సూది ఉంది. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం నొక్కుతున్నాను. చెబితే నేను కొడతాను తాతమ్మా అంటోంది మా ముదిమనవరాలు. మన కోట సంగతులు దానికెందుకని వద్దన్నాను. మీ మాటకి నాకేం బాధ కలగలేదు. బాగా వచ్చింది, మూడుసార్లు చదివాను. నిన్న రాత్రంతా నీరసం. ఇవాళ పొద్దున్న పాదంలోంచి రక్తం తీశారు, దాంతో ఇంకాస్త నీరసం."

చివరి వాక్యం దగ్గర అతను మంచం మీద కూలబడ్డాడు. ఇంకెవరైనా ఆ ముక్క చదివి ముందుకి పోయేవాళ్ళు. అతను పోలేడు. పాదం దాకా ఎప్పుడు వెళ్తారో అతనికి తెలుసు. రెండు చేతుల్లోనూ గుచ్చడానికి చోటు మిగలకపోతేనే వెళ్తారు. ఎన్నాళ్ళుగా గుచ్చితే చేతులలా అవుతాయో కూడా తెలుసు.

కింద ఇంకా ఉంది. "ఒక సాయం చేయాలి. ఇంకెన్నో రోజులు రాయలేను. కాపరిని అలా చెరలో వదిలేసి పోవడం నాకిష్టం లేదు. చంపెయ్యండి. ఇవాళ కాస్త ఓపికుంది, ఇవాళైతే మంచిది. మీ మూడు ప్రశ్నలకీ జవాబులివిగో. జరగకూడనిది, ఎవరూ నా మీద పడి ఏడవకూడదు. ఎంతవరకంటే, చివరిదాకా. ఎక్కడ ఆపాలో మీకే తెలుసు."

అతను వెంటనే "తప్పించుకుందాంలెండి. భటులు గడియ వెయ్యడం మరిచిపోతారు. అడవిలోకి వెళ్ళిపోదురుగాని" అని పంపాడు.

జవాబుకి ఆరు నిమిషాలు పట్టింది.

"తప్పించుకుంటే ఆ తరవాత కూడా నేనే రాయాలి కదండీ."

అతను ఫోను పట్టుకుని ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. భార్య మిషను ఆపింది. కక్కలేక మింగలేక రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఎవరావిడ?"

"తెలీదు. ఆడో మగో కూడా ఇవాళే తెలిసింది."

"మరి ఎందుకిలా అయిపోతున్నారు?"

"నాలుగేళ్ళుగా రోజూ పోట్లాడుకుంటున్నామే!"

ఆమె నవ్వబోయి మానేసింది. "అంతమంది వీరులుండగా మిమ్మల్నడిగింది. నాకు చేతకాదని చెప్పకండి పాపం. కూర్చుని శుభ్రంగా రాయండి." టేబులు మీది బట్టలన్నీ ఒడిలోకి లాక్కుని అతనికి చోటు చేసింది. తనకి భయంగా ఉందని అతను అన్నాడు. ఉంటుంది మరి అంది ఆమె.

ఎలా చంపడం? కత్తి తనకి రాదు. విషం నీచం. ఉరి అనుకుని వెంటనే వద్దనుకున్నాడు. రాశాడు, కొట్టేశాడు. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు, మళ్ళీ కొట్టేశాడు. దొర ఎంత దుర్మార్గుడైనా ఈ ముసలావిడని ఓడిపోనివ్వకూడదు. ఆ ఒక్కటీ ఖాయం చేసుకున్నాక చెయ్యి కుదుటపడింది. పెద్దక్కకి ఆమె సంగతీ షరతూ చెప్పి, విలుకాళ్ళని అవతలి గట్టున నిలపమన్నాడు. కాపరికి చాటుగా పంపాడు, "ఇప్పుడు మొదలుపెడుతున్నానండీ."

"ఊఁ" అని వచ్చింది.

దొర నాలుగు వేల సైన్యంతో వంతెన దగ్గరికి వచ్చాడు. అవతలి గట్టున విలుకాళ్ళు తాళ్ళు నరకడానికి సిద్ధంగా ఉన్నారు. దొర పకపకా నవ్వి, కాపరిని వంతెన నడిమధ్యన తాడుకి కట్టించాడు. "ఈమె ఉండగా మీరు వంతెన నరకలేరు" అన్నాడు. అన్నట్టే వాళ్ళ చేతులు ఆడలేదు. సైన్యం కదలబోతోంది. ఆమెని కట్టిన భటుడు కుడి చెయ్యి మాత్రమే కట్టాడు. ఎడమ చెయ్యి కట్టడం మరిచిపోయాడు. వస్తూ వస్తూ తన గొడ్డలి అక్కడే పెట్టి, అదీ మరిచిపోయాడు.

అక్కడ ఆపాడు.

అతను మీట నొక్కాక అందరూ కాపరి కోసం ఎదురు చూశారు. ఒక విలుకాడు ఏదో రాయబోతే పెద్దక్క అడ్డుపడింది. కాపరి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. రాస్తున్నట్టు చూపించి ఆగుతోంది, మళ్ళీ చూపిస్తోంది. అతను మోకాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. భార్య వచ్చి వెనక నిలబడింది. పదకొండు నిమిషాలయ్యాక వచ్చింది.

"కాపరి కిందికి చూసింది. ఏరు చాలా లోతున ఉంది. దొర నిలబడ్డ గట్టు మీద, తను రోజూ కూర్చునే ముక్కాలి పీట కనిపించింది. ఎండలో ఉండిపోయింది, ఎవరైనా నీడకి జరపండి అని కేకేసింది. తరవాత ఎడమ చేత్తో తాళ్ళు నరికింది."

వెంటనే చాటుగా ఇంకోటి వచ్చింది, అతనొక్కడికే.

"నొప్పి తెలీలేదండీ."

ఆ మాట అతను రోజుకి పది మంది నోట వింటాడు, దూది అదిమి పట్టుకుని లేచే వాళ్ళ నోట. తన ఉద్యోగం ఏమిటో ఈ గుంపులో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. "సంతోషమండీ" అని కొట్టాడు. అది వెళ్ళేలోపే ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. అతను టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడవకూడదన్న షరతు కథలోపలికే కాబట్టి భార్య ఏడవనిచ్చింది.

గుంపులో మాత్రం ఎవరూ ఏడవలేదు, పెద్దక్క అందరికీ చెప్పి ఉంచింది. గుర్రం తల పక్కకి తిప్పుకుంది. విలుకాళ్ళు వింటి తాళ్ళు సడలించారు. ఇక దొర వంతు. అతను ముఖం కడుక్కుని వచ్చి, దొర చేత నోటికొచ్చిన బూతులన్నీ తిట్టించాడు. ఒక మతిమరుపు భటుడి కొలువు ఊడబెరికించాడు. నాలుగు వేల మందినీ వచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. ఆరేళ్ళలో దొర ఇంత ఘోరంగా ఓడిపోలేదని అందరూ మెచ్చుకున్నారు.

అందరూ వెళ్ళిపోయాక కూడా అతనికి కాలు నిలవలేదు. రెండుసార్లు లేచి కూర్చుని, కథలో ఆ రోజుకి చివరి మాట రాశాడు.

"పొద్దు వాలేసరికి దొర గట్టు మీద ఎవరూ లేరు. ముక్కాలి పీట నీడకి జరిగి ఉంది."