చివరి గ్రేడు

తమ్ముడిది ఇళ్లను కొలిచే ఉద్యోగం. ఏ ఇల్లు వెచ్చదనాన్ని ఎంత నిలుపుకుంటుందో, ఎంత కరెంటు తింటుందో చూసి గ్రేడు వేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. మొన్నటిదాకా గోడ మీద రెండుసార్లు తట్టి, ఓనరు ఇచ్చిన టీ తాగి, మంచి గ్రేడు రాసేసేవాళ్లు. అవన్నీ కాకమ్మ కథలని పైవాళ్లకు ఎట్టకేలకు తెలిసొచ్చి పద్ధతి మార్చారు. ఇప్పుడు గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగిస్తే, సందుల్లోంచి ఎంత చలిగాలి దూరుతోందో మిషనే లెక్కగట్టి నేరుగా ఆఫీసుకు పంపేస్తుంది. చివరి గ్రేడు వచ్చిన ఇంటిని బాగుచేసేదాకా అద్దెకివ్వకూడదు. ఈ మార్పు రావాలని అందరికంటే గట్టిగా గొంతు చించుకున్నది తమ్ముడే.

అలాంటివాణ్ణి ఆఫీసు ఆవేళ అక్క అద్దెకుంటున్న ఇంటికే పంపింది. తన అక్కేనని అతను నోరు విప్పలేదు. వేరేవాళ్లొస్తే ఏం ముంచుకొస్తుందోనని భయం. ఆ అద్దెకు ఊళ్లో మరో ఇల్లు దొరకదు. ఆయాసంతో బాధపడే బావ ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగేది కూడా అక్కణ్ణుంచే.

గోడలు, పైకప్పు చూశాడు. అంతంత మాత్రమే. కిటికీ సందుల్లో అక్క పాత చీరల పీలికలు కుక్కింది కాబట్టి ఎలాగో గట్టెక్కుతుందనిపించింది. అతను గుమ్మం దగ్గర ఫ్యాను బిగించుకుంటుంటే అక్క లోపలి గదిలోకి వెళ్లింది.

ఫ్యాను తిరిగింది. తెర మీద అంకె ఎక్కుతూనే పోయింది. తమ్ముడు గబగబా స్విచ్చి మీదికి చెయ్యి చాచాడు. ఆపేలోపే అంకె ఆఫీసుకు చేరిపోయింది.

అక్క చేతుల నిండా గుడ్డపీలికలతో నవ్వుతూ వచ్చింది.

"అన్నీ పీకేశానురా! ఎన్నేళ్లుగా చలి చలి అని మొత్తుకున్నా ఓనరు వినలేదు. మిషనైనా చెప్తుంది కదా! ఎంతొచ్చింది?"

"చివరి గ్రేడక్కా."

"చూశావా! ఇప్పుడైనా బాగుచేయిస్తాడు!"

"చేయిస్తాడు. ముందు మిమ్మల్ని ఖాళీ చేయిస్తాడు. ఈ గ్రేడుతో మిమ్మల్ని ఉండనివ్వకూడదక్కా. రూలు."

అక్క ముఖం వాడిపోయింది. లోపలి గదిలో బావ దగ్గుతున్నాడు.

"మార్చెయ్యి మరి. నువ్వే కదా రాసేది?"

"ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదక్కా."

"మనవాడే కదా, చూసుకుంటాడులే అనుకున్నాను."

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. తను రాసిన అబద్ధాల్లో ఒక్కటైనా ఇవాళ్టికి మిగిల్చుకోకపోయానే అని ఏడుపొచ్చింది. మా ఇంటికి వచ్చెయ్యండి అనబోయాడు. తనది ఒకటే గది. అందులోనే భార్య, ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. అయినా నోరు తెరిచాడు.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అనకురా. అంటే నేను సరేనంటానేమో."