చేతులు కట్టుకున్న చొక్కా

ఎనిమిదింటికి టికెట్ల గేటు తెరుస్తారు. ఆలోగా సబ్బులమ్మ చేతి వాచీ తీసి డబ్బాలో పెట్టి, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోవాలి. ఆ మ్యూజియం ఒక భవనం కాదు, ఆరుబయట కట్టిన పాతకాలం ఊరు. బడి, తపాలా ఇల్లు, కొలిమి, వడ్రంగి పాక, చివర్న బట్టలుతికే పాక. అక్కడ పనిచేసేవాళ్ళంతా జీతానికి ఆ కాలం మనుషులు. వాచీ, ఫోను, కళ్ళజోడు, ఏదీ కనబడకూడదు. సబ్బు కూడా నిషిద్ధమే, బూడిద నీళ్ళతోనే ఉతకాలి. అయినా ఆవిడ పేరు సబ్బులమ్మే.

ఉతికి తాడు మీద ఆరేశాక, నీళ్ళు కారడం ఆగగానే, ప్రతి బట్టా తన మనిషి విప్పేముందు ఆఖరుగా చేసిన పని చేసి చూపిస్తుంది. కమ్మరి చొక్కా సుత్తి ఎత్తుతుంది. పంతులు కోటు తీరిగ్గా చెవి గోక్కుంటుంది. జనం ఫోటో తీసుకుని కొలిమి వైపు వెళ్ళిపోతారు. దాచుకునే సంగతి ఉన్నవాళ్ళు మాత్రం విప్పేముందు చేతులు కట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటారు. అందుకే చేతులు కట్టుకున్న బట్ట కనిపిస్తే సబ్బులమ్మకి ఒళ్ళు మండుతుంది.

పది రోజులుగా ఆవిడ మొగుడి చొక్కా చేతులు కట్టుకునే ఉంటోంది.

మొగుడు ఆ ఊరి వడ్రంగి. ముప్పై ఏళ్ళుగా అతని చొక్కా తాడు మీద గాలికే చిత్రిక పట్టేది, సిగ్గు లేకుండా వీపు గోక్కునేది. ఇప్పుడీ బుద్ధిమంతుడి వేషం ఏమిటి? సరిగ్గా ఆ పది రోజుల కిందటే బడి పంతులు బల్ల మీదున్న కళ్ళద్దాలు మాయమయ్యాయి. ఊళ్ళో సగం వస్తువులు నకిలీవి, అవి మాత్రం నిజంగా ఆనాటివి. బట్టలు పోగేసుకోవడానికి అన్ని ఇళ్ళ తాళంచెవులూ సబ్బులమ్మ నడుముకే వేలాడతాయి. ఇంకేం, ఊరి చూపంతా ఆవిడ నడుము మీదే.

"శనివారం లోపు కళ్ళద్దాలు బల్ల మీదుండాలి. లేకపోతే తాళాలతో పాటు మీ క్వార్టరు కూడా అప్పజెప్పాలి" అన్నాడు మ్యూజియం సూపరింటెండెంటు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కదిపింది.

"ఏమయ్యా, చొక్కా విప్పేముందు ధ్యానం చేస్తున్నావా?"

"అలిసిపోయి కూర్చుంటున్నానే."

"ముప్పై ఏళ్ళుగా లేని అలసటా?"

"నువ్వు మొగుణ్ణి కనిపెడుతున్నావా, చొక్కానా?"

"చొక్కానే. అది నీలా మాట మార్చదు."

అతను నవ్వాడు. ఆవిడ మొహంలోకి చూసి కాదు, భుజం పక్కకి చూసి నవ్వాడు. ఆవిడకి అన్నం సహించలేదు. ఇంటి దొంగతో కంచం పంచుకుంటున్నానా అనిపించి ఏడుపొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ బక్కెట్టుతో వడ్రంగి పాకలోకి దూసుకెళ్ళి, కాలు జారినట్టు నటించి, బూడిద నీళ్ళు మొగుడి మీద కుమ్మరించింది.

"అయ్యో, విప్పు విప్పు! ఒళ్ళు మండుతుంది!"

చేతులు కట్టుకునే వ్యవధి ఇవ్వకుండా చొక్కా లాక్కుని పరిగెత్తింది. జాడించింది. ఆరేసింది. నీళ్ళు కారడం ఆగింది.

చొక్కా వంగింది. కుడి చెయ్యి బల్ల కింద తడిమి ఏదో తీసింది. రెండు చేతులూ పైకి లేచి, చెవులుండాల్సిన చోట దాన్ని తగిలించాయి. దొంగ వీడే!

చొక్కా అక్కడితో ఆగలేదు. ఎడమ చేతిని మొహం ఉండాల్సిన చోటికి దగ్గరగా తెచ్చింది, దూరంగా జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. తర్వాత ఆ కళ్ళద్దాలు తీసేసి, బల్ల అంచు పట్టుకుని జానలు కొలుచుకుంటూ వెళ్ళింది. ఉలిని తడిమింది. పదును తగిలి వెనక్కి లాక్కుంది. మళ్ళీ తడిమింది.

ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన చెయ్యి అది. దానికి ఉలి ఎక్కడుందో తెలియడం లేదు.

"ఎవరిదా చొక్కా?" వెనక నుంచి సూపరింటెండెంటు గొంతు.

ఆవిడ ఒక్క గుంజుతో దాన్ని లాగి తొట్టిలో ముంచేసింది. "మురికి పోలేదు సార్."

"మళ్ళీ ఆరెయ్యండి. నేను చూడాలి."

"ఆరేస్తాను. అలాగే మీ కోటు సంగతి కూడా చెప్పండి సార్. మూడేళ్ళుగా చేతులు కట్టుకునే ఉంటోంది. నేనెప్పుడైనా అడిగానా?"

సూపరింటెండెంటు తాడు చివరి దాకా చూశాడు. అక్కడ ఆయన కోటు రెండు చేతులూ కట్టుకుని పెద్దమనిషిలా వేలాడుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"రేపటికల్లా కళ్ళద్దాలు దొరికితే చాలు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆవిడ మొగుడి ఎదురుగా కూర్చుని అడిగింది. "ఎంత కనిపిస్తోంది?"

"నువ్వు గుమ్మంలో ఉంటే ఎవరో వచ్చారని తెలుస్తుంది. నువ్వని తెలీదు. ఆ అద్దాలూ పనికి రాలేదే. ఇంక ఏ అద్దాలూ పనికి రావన్నాడు డాక్టరు, అయినా ఆశ చావక తీశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పని మానిపిస్తావు. పని మానేస్తే ఈ ఇల్లు పోతుంది."

ఆవిడకి తిట్టాలనిపించింది, తిట్టింది కూడా. తిడుతూనే అతని వేళ్ళ గాట్లకి నూనె రాసింది.

మర్నాడు కళ్ళద్దాలు పంతులు కోటు జేబులోనే దొరికాయి. పంతులు లబోదిబోమన్నాడు గాని ఎవరూ వినలేదు.

అప్పట్నుంచి గేటు తెరవకముందే వడ్రంగి పాకలో గంటసేపు ఏదో చప్పుడవుతుంది. కొలతలు పెట్టేదెవరో, గీతలు గీసేదెవరో, ఉలులు వరస తప్పకుండా సర్దేదెవరో ఊరికి తెలియదు. తెలిసిందల్లా తాడు మీద కనిపించేదే. వడ్రంగి చొక్కా, దాని పక్కనే సబ్బులమ్మ జాకెట్టు, రెండూ చేతులు కట్టుకుని ఉంటాయి.

"మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు" అంటుంది తపాలా ఇంటావిడ, కళ్ళు చికిలించి.