ఎక్కువసేపు వెలిగే దీపం

"కళ్ళెక్కడ పెట్టుకుని ఏరావు?" అన్నాడు భర్త హాల్లోంచి. పంటి కింద రాయి నలిగిన చప్పుడు వంటింటిదాకా వినిపించింది.

ఆమె గరిటె పక్కన పెట్టి గుమ్మందాకా వచ్చింది. పోపు మాడుతుంటే మళ్ళీ పొయ్యి దగ్గరికే వెళ్ళింది. కళ్ళు మొహం మీదే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. పప్పు చేటలో పోసి, మెడ విరిగిపోయేలా వంచి, రెండుసార్లు ఏరింది. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఆకాశం కనిపించదు. నెత్తిమీద వేలాడే పాత బల్బు పొగచూరి, నూనె జిడ్డు పట్టి, వెలుతురు కంటే వేడే ఎక్కువ ఇస్తుంది. దాని కింద రాయీ పప్పూ కవల పిల్లల్లా ఉంటాయి.

"ఊరంతా బల్బులు పెట్టించే మనిషి, ఇంట్లో రాయి కనిపించదట" అని అత్తగారు ఒక చురక వేసింది.

అందులో అబద్ధం లేదు. ఆమె చేసే పని అదే. కరెంటాఫీసువాళ్ళు పాత బల్బు తీసుకుని, తక్కువ కరెంటు తాగే ఎల్ఈడీ బల్బు ఇస్తున్నారు. ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పి, బల్బు మార్పించి, కాగితం నింపుకురావడానికి ఆమెను పెట్టుకున్నారు. పేటలో ఆమె పేరు ఎవరికీ తెలీదు, అందరికీ బల్బులావిడే. సంచిలో బల్బుల్ని కోడిగుడ్లలా సర్దుకుని, మెట్టు మెట్టుకీ జారిపడతానేమోనని భయపడుతూ తిరుగుతుంది.

కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంట్లో ఎక్కువసేపు వెలిగే దీపం ఏ గదిలో ఉంది, రోజుకి ఎన్ని గంటలు? కొత్త బల్బు అక్కడే పెట్టాలి, అప్పుడే కరెంటు ఆదా. కింద ఇంటి యజమాని సంతకం. పగలు వెళ్తే ఆడవాళ్ళు తలుపు ఓరగా తీసి, "ఆయనున్నప్పుడు రామ్మా" అంటారు. ఆయనున్నప్పుడు వెళ్తే, ఆయన కుర్చీలోంచి కదలకుండానే "హాలు. ఆరు గంటలు రాసుకో" అంటాడు. ఆమె రాసుకుంటుంది. కొత్త బల్బు హాలుకి, హాల్లో పాతది ఆఫీసుకి. వంటింట్లోది ఎక్కడిదక్కడే.

తన ఇంటి కాగితమూ అలాగే నింపింది. "హాలు రాయి. నలుగురూ వచ్చే చోటు" అన్నాడు భర్త. ఆ నలుగురూ ఏడాదికి నాలుగుసార్లు వస్తే గొప్ప. ఇక ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, పేపరు తిరగేసేంతసేపే ఆ బల్బు వేస్తాడు. తర్వాత టీవీ పెట్టి, దాని తెర మీద వెలుతురు పడుతోందని ఆర్పేస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి దీపం సాయంత్రమంతా చీకట్లోనే ఉంటుంది.

ఇదంతా ఆమె పట్టించుకునేది కాదేమో, కూతురు లేకపోతే. టీవీ హోరులో చదువు సాగక పిల్ల పుస్తకాలు పట్టుకుని వంటింట్లోకి వస్తుంది. బియ్యం డబ్బా మీద నోటుపుస్తకం పెట్టుకుని, ముక్కుతో రాస్తున్నట్టు వంగిపోయి లెక్కలు చేస్తుంది. మొన్న టీచరు ఎర్ర సిరాతో రాసి పంపింది: "మూడుని ఎనిమిదిగా ఎక్కించుకుంటోంది. పద్ధతి సరిగ్గానే ఉంది. కళ్ళు చూపించండి."

ఆ నాలుగు ముక్కలు చదివి పొయ్యి మీద నీళ్ళు పెట్టిందో లేదో, ఆమె ఊహ పరుగందుకుంది. గిన్నెలో నీళ్ళు మరిగేలోగా పిల్లకి కళ్ళజోడు వచ్చేసింది. నీళ్ళు పొంగేసరికి అద్దాలు సీసా అడుగులంత మందమయ్యాయి. పొయ్యి తగ్గించేలోగా పిల్ల కర్ర పట్టుకుని గోడ తడుముకుంటూ నడుస్తోంది, తను చచ్చిపోయింది, పిల్లని చూసుకునేవాళ్ళు లేరు. భర్తతో చెబితే "నీది మరీ విడ్డూరం, కీడు తప్ప మేలు తోచదు నీకు" అన్నాడు. అత్తగారు, "కిరసనాయిలు బుడ్డి కింద పెరిగాం, మా కళ్ళేమైనా ఊడిపోయాయా?" అంటూనే సూదీ దారం కోడలి చేతికిచ్చి "కాస్త ఎక్కించి పెట్టు" అంది.

మర్నాడు ఆఫీసులో సూపర్‌వైజరు ఆమె కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"ఏమ్మా, నలభై ఇళ్ళూ ఒకే అచ్చులో పోశావా? అందరిదీ హాలు, అందరిదీ ఆరు గంటలు. మీటర్లు చూస్తే ఎప్పట్లాగే గిర్రున తిరుగుతున్నాయి. బల్బులు ఎక్కడ పెట్టించావసలు?"

"వాళ్ళు చెప్పిందే రాశానండీ."

"చెప్పింది కాదు, చూసింది రాయి. శనివారంలోగా మళ్ళీ తిరుగు. బల్బు తప్పు చోట ఉంటే మార్పించు. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటాం."

"మరి యజమాని సంతకం..."

"ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఎవరు పెట్టినా చాలు. నాకు కావలసింది నిజం."

ఆ మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ దర్జీ ఇంటి తలుపు తట్టింది. దర్జీ భార్య అలవాటుగా, "ఆయన లేరు వదినా" అంది.

"ఆయనతో పని లేదు. మీ వంటింట్లోకి రానిస్తారా?"

ఆవిడ తెల్లబోయి, పీట మీది గిన్నెలు గబగబా పక్కకి జరిపింది. ఏ గదిలో దీపం ఎంతసేపు వెలుగుతుందో చెప్పమంటే, వేళ్ళ కణుపులు లెక్కపెట్టసాగింది. "పొద్దున అయిదుకి వేస్తానా, ఎనిమిదిన్నరకి ఆర్పుతాను. మళ్ళీ సాయంత్రం అయిదుకి. గిన్నెలు కడిగి, రేపటికి నానబోసి, పదిన్నర..." కణుపులు అయిపోయాయి. "అమ్మో, తొమ్మిది గంటలా!" అని తలెత్తి బల్బు వంక చూసింది. చూసి నవ్వింది. "నాతోపాటు లేస్తుంది, నాతోపాటు పడుకుంటుంది. మా ఆయన కంటే ఇదే ఎక్కువ కాపురం చేసింది నాతో."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే దర్జీ భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎందుకని బల్బులావిడ అడగలేదు. తర్వాతి ఇంట్లో ఎనిమిదిన్నర, ఆ పక్కింట్లో పది. ఏ ఇంట్లోనూ ఎవరూ ఇంతవరకు ఆ గంటలు లెక్కపెట్టి చూసుకోలేదు. ఆమె మాత్రం చూసుకుందా?

శుక్రవారానికి తన ఇల్లే మిగిలింది. ఆ సాయంత్రం భర్త ఇంకా రాలేదు, అత్తగారు పక్కింటి అరుగు మీద ఉంది, పిల్ల వంటింట్లో లెక్కల ముందు కూర్చుంది. ఆమె హాల్లో స్టూలు వేసుకుని ఎక్కింది. ఎక్కినప్పటినుంచీ భయాలే. స్టూలు విరుగుతుందని, షాకు కొడుతుందని, సరిగ్గా అప్పుడే ఆయన వచ్చి అరుస్తాడని, ఆ అరుపుకి తను పడిపోతుందని. ఏదీ జరగలేదు. కొత్త బల్బు విప్పి వంటింట్లో పెట్టింది. అక్కడి పాతది చల్లారాక, జిడ్డు తుడిచి హాల్లో పెట్టింది. ఎలాగూ ఆర్పేసుకునే చోటే కదా.

స్విచ్ వేసేసరికి వంటిల్లు ఉలిక్కిపడినట్టయింది. గోడల మసి, డబ్బాల వెనక బూజు, అన్నీ బయటపడ్డాయి. పిల్ల పుస్తకం మీంచి తలెత్తింది. నడుం దానంతటదే నిటారుగా అయింది.

"అమ్మా, ఇది మూడే! ఇందాకట్నుంచీ ఎనిమిదనుకుంటున్నా" అంది. తర్వాత తల్లి చేతివైపు చూసి ఆగిపోయింది. "అమ్మా, నీ చేతి మీద ఇన్ని కాలిన మచ్చలున్నాయా?"

"ఎప్పటివోలే. లెక్క చెయ్యి" అని కొంగు కప్పుకోబోయి, ఎందుకో కప్పుకోలేదు.

కళ్ళ డాక్టరు దగ్గరికి ఎలాగూ తీసుకెళ్తుంది, ఆ భయం ఒక్క బల్బుతో తీరేది కాదు. కానీ కొత్త కాగితం మీద 'వంటిల్లు, పది గంటలు' అని రాసింది. సంతకం దగ్గర కలం కాసేపు ఆగింది. తన పేరు రాసింది. చాన్నాళ్ళయింది రాసి, చివరి అక్షరం కొంచెం వంకరపోయింది.

భర్త వచ్చి హాల్లో స్విచ్ వేశాడు. "ఏమిటిది, గబ్బిలాల కొంపలా!"

"ఎక్కువసేపు వెలిగే చోట పెట్టాలని రూలు. మార్చాను" అంది వంటింట్లోంచి.

"నన్నడగకుండానే? నేను సంతకం పెట్టను."

"అక్కర్లేదు. నేను పెట్టేశాను."

అరుపు కోసం ఆమె చెవులు రిక్కించి, గోడకి ఆనుకుని నిలబడింది. పిల్ల పెన్ను ఆపి తల్లి మొహం చూస్తోంది.

"మరి నేను పేపరెక్కడ చదువుకోవాలి?" అన్నాడాయన చివరికి.

ఆమె పీట కాలితో ముందుకి జరిపింది.

"ఇక్కడికి రండి, వెలుతురు బాగుంది. వచ్చేటప్పుడు ఆ చేట పట్టుకురండి. రేపటి పప్పు మీరు ఏరుదురుగాని."