అక్కాతమ్ముళ్ల ఫోల్డర్

రెండు కాళ్లూ ఒకేలా లేనివాళ్లకి బూట్లు కుట్టడం ఆ ఇంటివాళ్ల పని. ఒక కాలు పొట్టిదైనా, పాదం పక్కకి తిరిగినా, వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కినా, కొలతలు తీసుకుని ఆ కాలికి తగ్గట్టే కుట్టి ఇస్తారు. తండ్రి మొదలుపెట్టిన పనిని అక్కా తమ్ముడూ పంచుకున్నారు. గీయడం అక్క వంతు, కుట్టడం తమ్ముడి వంతు. పని పెరిగి పాత షెడ్డు ఇరుకైపోవడంతో తమ్ముడు ఊరికి ఆ కొసన, పెద్దాసుపత్రి దగ్గర ఒక హాలు అద్దెకు తీసుకుని మిషన్లతో సహా అక్కడికి మారాడు. అక్క పాతచోటే, మేడమీది గదిలో కంప్యూటర్ ముందు ఉండిపోయింది.

కాళ్లను స్కాన్ చేసే యంత్రం కొత్త హాల్లో ఉంది. ఆ పాదాన్ని తెరమీద అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ బూటు రూపం గీసేది అక్క. ఒక్కో స్కాన్ ఎంత పెద్దదంటే ఈమెయిల్‌లో పట్టదు. అందుకని అక్క భర్త, అంటే తమ్ముడికి బావ, పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని స్కూటర్ మీద రెండు చోట్లకీ తిరిగేవాడు. "జనం కాళ్లు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పి తనే నవ్వుకునేవాడు.

లెక్కల టీచరమ్మ బూట్ల దగ్గర వచ్చింది తంటా. ప్రమాదంలో ఆవిడ ఎడమకాలు కాస్త పొట్టిదైంది. రోజంతా బోర్డు ముందు నిలబడే మనిషి. అక్క ఒకసారి గీసి పంపింది. తర్వాత మడమ ఎత్తు సరిచేసి మళ్లీ పంపింది. మొదటి ఫైలు పేరు చివర 'ఫైనల్' అని ఉంది, రెండోదాని చివర 'ఫైనల్ కొత్తది' అని. తమ్ముడి కంప్యూటర్‌లో అలాంటి ఫైనళ్లు ఇంకా చాలా ఉన్నాయి. హడావిడిలో తెరవాల్సింది వదిలేసి పాతదాన్నే తెరిచి కుట్టేశాడు.

కొత్త బూట్లు తొడుక్కుని టీచరమ్మ హాల్లో అటు నుంచి ఇటు నడిచి ఆగిపోయింది.

"ఏమయ్యా, నా కాలేమైనా పెరిగిందా? మీ లెక్క తప్పిందా?"

ఆవిడ నవ్వుతూనే అంది గానీ తమ్ముడి మొహం మాడిపోయింది. వెంటనే అక్కకి ఫోన్ చేశాడు.

"నువ్వు పంపిందే కదా కుట్టాను!"

"తర్వాత పంపింది ఎందుకు కుట్టలేదు మరి?"

"ఏది ముందుదో, ఏది తర్వాతదో నాకెలా తెలుస్తుంది?"

"కళ్లు నెత్తికెక్కితే ఏదీ తెలీదు."

అంతే, ఫోన్ పెట్టేశాడు. ఆ రోజుతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఏం చెప్పాలన్నా మధ్యలో బావే. "బావా, మీ ఆవిడకి చెప్పు" అని అతనూ, "ఏవండీ, మీ బామ్మర్దికి చెప్పండి" అని ఈమె. పెన్ డ్రైవ్‌తో పాటు ఇద్దరి విసుర్లూ మోయాల్సి వచ్చింది పాపం ఆయనకి.

తమ్ముడి భార్య ఆఫీసు పని చూసుకునేది. ఫోన్లెత్తడం, ఆర్డర్లు రాసుకోవడం, డాక్టర్లతో మాట్లాడటం అన్నీ ఆమే. ఎవరిది తప్పో తేల్చే జోలికి ఆమె పోలేదు. ఒక ఆదివారం నేరుగా ఆడపడుచు ఇంటికి వెళ్లి వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టింది.

"వదినా, మీరిద్దరూ మాట్లాడుకోకపోతే మానెయ్యండి. ఫైళ్లు మాత్రం ఒకేచోట పెడదాం. క్లౌడ్‌లో."

"ఏంటీ, మబ్బుల్లోనా?"

"మబ్బుల్లో కాదు. ఒక కంపెనీవాళ్లకి పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి. వాటిల్లో మనకి చోటిస్తారు. ఇంటర్నెట్ ఉంటే ఇక్కణ్ణుంచీ అక్కణ్ణుంచీ ఒకే ఫోల్డర్ తెరుచుకోవచ్చు. మీరు ఇక్కడ మడమ దించితే అక్కడ ఆయనకీ దిగినట్టే కనపడుతుంది. ఇంక ఫైనల్, కొత్త ఫైనల్ అనే గొడవే ఉండదు. ఫైళ్లు పెరిగినకొద్దీ ఇంకాస్త చోటు కావాలంటే ఇచ్చేస్తారు. మనం కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు."

అక్క ఉల్లిపాయలు తరగడం ఆపింది. "మనల్ని నమ్మి కాళ్లు చూపిస్తారే జనం. చెప్పులు విప్పడానికే సిగ్గుపడేవాళ్లుంటారు. అవన్నీ ముక్కూమొహం తెలీనివాళ్ల దగ్గర పెట్టమంటావా?"

"నేనూ ముందు అదే అడిగాను. మనం రమ్మన్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. ఎవరు చూడాలో, ఎవరు దిద్దాలో కూడా మనమే పెట్టుకోవచ్చు. అసలు ఇప్పుడు ఎక్కడున్నాయి చెప్పండి ఆ కాళ్లు? అన్నయ్యగారి చొక్కా జేబులో. మొన్న ఆ చొక్కా వాషింగ్ మిషన్లో పడిందా లేదా?"

అక్క మళ్లీ ఉల్లిపాయలు తరగసాగింది. ఆ పెన్ డ్రైవ్‌ని కిటికీలో ఎండబెట్టింది తనే.

మామగారు కాగితాల మీద రాసుకున్న కొలతలతో సహా పాతవన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడానికి మరదలు కొన్నాళ్లు తంటాలు పడింది. అన్నీ చేరాక అక్క మొదట టీచరమ్మ ఫైలే తెరిచింది. తెరమీద ఒక మూల గుండ్రంగా తమ్ముడి ఫోటో కనపడింది. వాడూ ఇదే చూస్తున్నాడన్నమాట. చూస్తుండగానే మడమ పక్కన ఒక కామెంట్ వచ్చింది.

"ఇంత ఎత్తుకి తోలు పొరలు వేస్తే బరువైపోతుంది."

"నిన్నెవరడిగారు?" అని రాసింది అక్క.

"కుట్టేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్తా."

"చెప్తే పూర్తిగా చెప్పు. ఏం వెయ్యాలి?"

"లోపల బెండు పెడదాం. తేలిగ్గా ఉంటుంది, అణగదు."

అక్కకి నచ్చింది. మంచి మాటే. మడమ లోపల ఖాళీ వదిలి మళ్లీ గీసి "సరే" అని రాసింది. వెనకాల నిలబడి బావ చదువుతూనే ఉన్నాడు.

"మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదన్నారే?"

"మాట్లాడుకోవట్లేదు. రాసుకుంటున్నాం" అంది అక్క.

ఈసారి బూట్లు టీచరమ్మకి అతికినట్టు సరిపోయాయి. వాటితోనే మెట్లు దిగి, పాతవి అక్కడే వదిలేసి బడికి వెళ్లిపోయింది.

అలా రాతల్లో రోజులు బాగానే గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం అక్క కంప్యూటర్ చోటు లేదని మొరాయించింది. 'అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా, ఇక్కడున్నవి ఎందుకు?' అనుకుంది అక్క. పాత ఫోల్డర్లన్నీ వరసగా తీసేసి, చేతులు దులుపుకుని భోజనానికి కిందికి వెళ్లింది. తన దగ్గర తీసేస్తే అందరి దగ్గరా పోతాయని ఆమెకి తెలియదు.

తిరిగొచ్చి చూస్తే తెర ఖాళీ. క్లౌడ్ తెరిచి చూస్తే అక్కడా ఖాళీ.  అక్క ఫోన్ కోసం తడుముకుంటుంటే మెట్ల మీద దడదడమని చప్పుడైంది. తమ్ముడు! ఒంటిమీద పని చేసుకునే ఏప్రన్ అలాగే ఉంది, చేతికి జిగురు అంటుకుని ఉంది, ఆయాసపడుతున్నాడు.

"ఒరేయ్, అన్నీ పోయాయిరా. నేనే తీసేశాను. నాన్న చేత్తో రాసిన కొలతలతో సహా పోయాయి."

"పోతే పోయాయి. నీకేం కాలేదుగా?"

"నాకేమవుతుంది?"

"నేను చూస్తుండగానే ఒక్కో ఫోల్డరూ మాయమైపోతోంది. ఫోన్ చేస్తే ఎత్తవు. కళ్లు తిరిగి కీబోర్డు మీద పడిపోయావేమో అనుకున్నా."

అక్క కళ్లనిండా నీళ్లు. అయినా నవ్వొచ్చేసింది. "పడిపోయినదాన్ని అంత వరసగా తీసేస్తానా?"

"నువ్వు తీసేస్తావ్. కళ్లు తిరిగినా పద్ధతి తప్పవుగా."

ఇంతలో మరదలి ఫోన్. "వదినా, కంగారుపడకండి. ఇంక ఏమీ ముట్టుకోకండి కూడా. క్లౌడ్‌కి ఒక చెత్తబుట్ట ఉంటుంది. తీసేసినవి కొన్నాళ్లు అందులోనే ఉంటాయి. వెనక్కి తెస్తున్నా, చూస్తూ ఉండండి."

అక్కాతమ్ముళ్లిద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని తెరముందు కూర్చున్నారు. కాసేపటికి ఫోల్డర్లు ఒక్కొక్కటే వచ్చి చేరడం మొదలుపెట్టాయి. తమ్ముడు ఒకదాన్ని వేలితో చూపించాడు. "ఈయన గుర్తున్నాడా? పెళ్లిపీటల మీద కూడా బూట్లు విప్పనన్నాడు."

"విప్పలేదు కూడా. నాన్న కుట్టాడని ఊరంతా చెప్పుకున్నాడు." అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఇంతకీ తిన్నావా?"

"ఎక్కడ? జిగురు పూస్తున్నవాణ్ణి పూస్తున్నట్టే వచ్చేశా."

తమ్ముడు అక్కడే చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. అక్క పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డించింది. పైన ఫోల్డర్లు వాటంతటవే వస్తూ ఉన్నాయి.

మర్నాడే మరదలు కొత్త కట్టుదిట్టం చేసింది. ఇకమీదట ఎవరైనా దిద్దవచ్చు గానీ తీసేసే హక్కు తనొక్కతెకే. అన్నిటికీ వేరేచోట ఇంకో కాపీ కూడా పెట్టించింది. "నామీద నమ్మకం లేదా?" అని అక్క మూతి ముడిచింది. "మీమీద ఉంది వదినా, మీ శుభ్రం మీదే లేదు" అంది మరదలు.

ఇప్పుడు పొరుగూళ్లో కూడా ఒక గది తీశారు. మోయడానికి పెన్ డ్రైవ్ లేకుండా పోయిన బావ అక్కడ స్కాన్ యంత్రం దగ్గర కూర్చుంటున్నాడు. ఈమధ్య ఆయన పంపిన స్కాన్లలో ఒక చిన్నపిల్లది ఉంది. పాదం లోపలికి తిరిగి ఉంది. ఎర్రబూట్లయితేనే వేసుకుంటానని ఆ పిల్ల భీష్మించుకు కూర్చుందట. ఎరుపులో ఏ ఎరుపని అక్కాతమ్ముళ్లు పొద్దుటి నుంచీ కామెంట్లలో కొట్టుకుంటున్నారు. అక్క దానిమ్మ గింజ రంగంటుంది. తమ్ముడు మిరపపండు రంగంటాడు. పిల్లనే అడగమని బావ రాశాడు.