ఛాయాదేవి పేరున్న బాయిలరు

మా స్నానాలగదిలో ఉన్న రాగి బాయిలరు మీద ఛాయాదేవి అని చెక్కి ఉంటుంది. నా పేరు రాజ్యలక్ష్మి.

కాపరానికి వచ్చిన మర్నాడు తలంటుకి వేణ్ణీళ్ళు పట్టుకుంటూ ఆ పేరు చూశాను. కుళాయికి కాస్త పైన చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. రాగి సామాను మీద పెద్దవాళ్ళ పేర్లే గదా ఉండేది, మా ఆయన నాయనమ్మ పేరేమో అనుకున్నాను. బయటికొచ్చి మా అత్తగారు సంపూర్ణమ్మగారిని అడిగితే, "మా అన్నయ్య కూతురు" అని ఊరుకున్నారు.

మిగతా సంగతి పక్క వాటాలో ఉండే సీతారావమ్మగారు చెప్పారు, నేను అడక్కుండానే. ఛాయాదేవి మా ఆయన తిరుపతిరావుగారికి మేనమామ కూతురు. పుట్టిన రోజునే ఆ పిల్ల ఈ ఇంటి కోడలని ఖాయం చేసుకున్నారట. మేనరికం కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. అందుకని మేనమామగారు తాంబూలాలైనా పుచ్చుకోకముందే కూతురి పేరు కొట్టించి, బాయిలరు తిన్నగా ఇక్కడికే పంపించేశారు. ఎలాగూ పిల్ల వచ్చేది ఇక్కడికే, సామాను రెండుసార్లు మొయ్యడం ఎందుకని. తర్వాత గన్నవరం నుంచి రైసుమిల్లున్న సంబంధం వచ్చింది. మా ఆయనకి అప్పటికింకా టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం రాలేదు. పిల్ల గన్నవరం వెళ్ళిపోయింది. ముఖం చెల్లక మేనమామగారు బాయిలరు తిరిగి అడగలేదు. వీళ్ళూ పంపలేదు.

"కోడలు రాకపోయినా కోడలి బాయిలరు కాపరానికొచ్చింది" అని సీతారావమ్మగారు నవ్వారు. పెద్దావిడ నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను.

మాది మైలవరం దగ్గర పల్లెటూరు. మా ఇంటావంటా బి.ఏ. దాకా చదివినవాళ్ళు లేరు, నేనే మొదటిదాన్ని. "సామాన్లు పెట్టలేనండి, పిల్లకి చదువు చెప్పించాను" అని మా నాన్న పెళ్ళిచూపుల్లోనే చెప్పేశాడు. ఇప్పుడు టీచరుగా పనిచేస్తున్నాను. ఈ ఇంట్లో నా పేరున్నది ఒక్క స్టీలు గ్లాసు. అది కూడా కాలేజీలో వ్యాసరచన పోటీకి ఇచ్చింది.

ఆ బాయిలరు మధ్యలో పొయ్యి గొట్టం, చుట్టూ నీళ్ళు. ఒకప్పుడు బొగ్గులతో మండేదట. పొగ వస్తోందని ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు గొడవ చేస్తే మా ఆయన దాని కింద కిరసనాయిలు బర్నరు పెట్టించారు. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఇప్పుడు గొట్టం అతుకు దగ్గర కారుతోంది. నీళ్ళు బొట్లుబొట్లుగా వత్తుల మీద పడి మంట ఆరిపోతుంది. ఎప్పుడు ఆరుతుందో తెలియదు. ఆరినప్పుడల్లా ఇల్లంతా కిరసనాయిలు కంపు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వేడినీళ్ళు లేనిదే ఆవిడకి రోజు మొదలవదు. చెంబు నీళ్ళు పోసుకున్నాక మంటారిపోతే, గిన్నెలో నీళ్ళు కాచి నేను పరిగెత్తాలి. అలా పరిగెత్తి ఎన్నిసార్లు స్కూలుకి ఆలస్యంగా వెళ్ళానో.

మా స్కూల్లో ఎలిజబెత్ టీచరు వాళ్ళింట్లో కరెంటు హీటరు పెట్టించుకున్నారు. "మీట నొక్కడమే, రాజ్యలక్ష్మీ, ప్రార్థన అయ్యేలోపల నీళ్ళు సలసలమంటాయి" అన్నారు. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను.

"కరెంటు పోతే?" అన్నారు మా ఆయన.

"కిరసనాయిలు దొరక్కపోతే? కార్డు పట్టుకుని లైన్లో నిలబడేది నేను."

"మాటు వేయిస్తే సరిపోయేదానికి కొత్తది ఎందుకు రాజ్యం? రాగి. ఇట్లాంటిది ఇప్పుడు దొరకదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ మనిషి అన్నం తిన్న కంచం తియ్యరు. తువ్వాలు ఆరేసుకోరు. ఆదివారం పొద్దున మాత్రం లుంగీ ఎగ్గట్టి, చింతపండు ముద్ద పట్టుకుని బాయిలరు ముందు కూచుంటారు. ఎర్రగా మెరిసేదాకా తోముతారు. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నిదానిస్తుంది. అక్షరాల చుక్కల్లో ఇరుక్కున్న చింతపండు పిప్పిని బొటనవేలి గోరుతో తీస్తారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను. మా పెళ్ళయినప్పట్నించి ఆయన నా చెయ్యి పట్టుకుని అంత నిదానంగా చూసిన గుర్తు లేదు.

ఇది చిన్నబుద్ధి అని నాకు తెలుసు. చదువుకున్నదాన్ని, పిల్లలకి నీతిపాఠాలు చెప్పేదాన్ని. అయినా రోజూ పొద్దున్నే ఒళ్ళు రుద్దుకుంటూ ఆ పేరు ఎదురుగా చూడ్డం ఎట్లా ఉంటుందో, ఆ నీళ్ళు పోసుకున్నవాళ్ళకి తెలియాలి. నాకు కావలసింది హీటరు కాదు. ఈ మనిషి ఆ రాగిని దాచుకుంటున్నది రాగి కోసమా, పేరు కోసమా, అది తేలాలి.

వీధిలో మాట్లు వేసే పుల్లయ్య వస్తే పిలిచి చూపించాను. అతను గొట్టంలోకి తొంగిచూసి, "మాటు వేస్తానమ్మా, కానీ అడుగు పలచబడింది. ఎన్నాళ్ళుంటదో నేను చెప్పలేను" అన్నాడు.

"విన్నారా" అన్నాను మా ఆయనతో.

"ఉన్నన్నాళ్ళు ఉంటుందనేగా అతనన్నది" అన్నారు.

మాటు నేను వేయించనివ్వలేదు, కొత్తది ఆయన కొననివ్వలేదు, అలా నెలల తరబడి సాగింది. బాయిలరు కారుతూనే ఉంది, నేను అంటూనే ఉన్నాను. చివరికి ఒకరోజు తలంటుకుంటుండగా కుంకుడు రసం కళ్ళలో ఉండగానే మంటారిపోయింది. చన్నీళ్ళతోనే కానిచ్చి బయటికొచ్చి, ఇంక ఆ బాయిలరు ఇంట్లో ఉంటే నేను మా ఊరు పోతానన్నాను. గొంతు పెంచలేదు. పెంచనందుకే ఆయన భయపడ్డట్టున్నారు. "సరే, ఆదివారం పాత సామాన్ల కొట్టుకి పంపేద్దాం" అన్నారు.

ఆ ఆదివారమే ఛాయాదేవి వచ్చింది.

బీసెంటు రోడ్డులో చీరలు కొనుక్కుని, ఆ సంచులతోనే రిక్షా దిగింది. ఆవిడ గర్వంగా ఉంటే నాకు సులువుగా ఉండేది. అలా ఉండదు. వస్తూనే, "అత్తయ్యా" అని మా అత్తగారి కాళ్ళ దగ్గర కూచుని మోకాళ్ళు పట్టడం మొదలుపెట్టింది. నేనూ అత్తయ్యా అనే పిలుస్తాను. ఆవిడకి పుట్టుకతో వచ్చిన పిలుపు అది, నాకు పెళ్ళితో వచ్చింది. నాతో, "అక్కా, నీ చేతి కాఫీ ఇస్తేగాని లేవను" అంది. ఇచ్చాను.

మా ఆయన బజారు నుంచి వచ్చారు. ఆవిణ్ణి చూడగానే ముఖం విప్పారింది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఏం బావా, ఉద్యోగం చేసే పెళ్ళాం వచ్చాక పొట్ట కూడా వచ్చిందే."

"మీ మిల్లు బియ్యం తినుంటే ఇంకా వచ్చేది."

"తినే రాత లేకపోయె నీకు."

అందరూ నవ్వారు. బావా మరదళ్ళ మాటలు, వాటిని పట్టించుకునేవాళ్ళదే తప్పంటారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను. అక్కణ్ణించి కూడా వినపడుతూనే ఉంది.

"బావా, మేం వేరుపడ్డాం తెలుసా. మా తోడికోడళ్ళు తలో సామాను పట్టుకుపోయారు. అన్నీ మళ్ళీ సమకూర్చుకోవాల్సొస్తోంది. మీ బాయిలరు తీసేస్తున్నారని సీతారావమ్మగారు గుమ్మంలో చెప్పారు. కొట్టువాడి పాలు చెయ్యడమెందుకు? నా పేరున్నదేగా. నాకిచ్చెయ్యి."

"తీసుకెళ్ళు" అన్నారు మా ఆయన. "రిక్షాలో పడుతుంది. నేనెక్కిస్తాను."

నెలలపాటు నేను వద్దంటే కదలని బాయిలరు, ఆవిడ ఒక్క మాటంటే రిక్షా ఎక్కుతోంది.

బయటికొచ్చాను. "అది ఎక్కడికీ పోదండి" అన్నాను.

ఆయన తెల్లబోయారు. "నువ్వేగా తీసెయ్యమన్నది?"

"అన్నాను. ఇప్పుడు బాగుచేయిద్దామంటున్నాను. రాగి. ఇట్లాంటిది ఇప్పుడు దొరకదు."

ఆయన మాట ఆయనకే అప్పజెప్పాననే సంగతి ఆయనకి తెలిసింది. గొంతు తగ్గించి, "అదేమిటి రాజ్యం. నువ్వు పారెయ్యమన్నావు. ఛాయ ఇమ్మంటోంది. పారెయ్యడానికీ ఇవ్వడానికీ తేడా లేదూ?" అన్నారు.

"నాకు తేడా కనిపించింది. అందుకే ఉంచమంటున్నాను."

ఛాయాదేవి మా ఇద్దరి వంకా చూసింది. "నా పేరున్న సామానుతో నీకేం పనక్కా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కానట్టు అడిగింది.

"ఆ సామానుతో రోజూ పని నాకే ఉందమ్మా" అన్నాను. "వత్తులు కత్తిరించేది నేను. మసి తుడిచేది నేను. కిరసనాయిలుకి నిలబడేది నేను. నువ్వు పేరు మాత్రం పంపించావు."

నా మాట నాకే ఎక్కువనిపించింది, కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అప్పుడు మా అత్తగారు, ఛాయాదేవి చేతులు మెల్లిగా తన మోకాళ్ళ మీంచి తీసి, "మీ ముగ్గురూ కలిసి బాగానే పంచుకుంటున్నారు. అది ఎవరిదో నన్నొక్కరైనా అడిగారా?" అన్నారు.

మా ఆయన ఏదో అనబోయారు.

"నువ్వుండరా తిరుపతీ. మా అన్నయ్య ఆ బాయిలరు పంపినప్పుడు ఈ వీధంతా చూసింది. తర్వాత పిల్లని వేరే ఇంటికి ఇచ్చినప్పుడూ ఈ వీధే చూసింది. వదిన ఒక్కసారొచ్చి, ఇలా జరిగింది సంపూర్ణా, ఏమీ అనుకోకు అని ఉంటే, ఆ రోజే బండి కట్టి పంపేదాన్ని. రాలేదు. కాబట్టి అది నాది. నా మోకాళ్ళకి నీళ్ళు కావాలి. మాటు వేయించండి."

"నాకు తెలీదత్తయ్యా, అమ్మ రాలేదని" అంది ఛాయాదేవి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకేం తెలుస్తుందే, చిన్నపిల్లవి. భోంచేసి వెళ్ళు."

భోంచేసింది. నేనే వడ్డించాను, రెండోసారి నెయ్యి కూడా వేశాను. వెళ్ళేటప్పుడు మా ఆయన రిక్షా పిలిచి సంచులెక్కించారు. ఆ రిక్షా మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడతారేమోనని కిటికీలోంచి చూశాను. నిలబడలేదు. చేతులు దులుపుకుని లోపలికొచ్చి మజ్జిగ అడిగారు. దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పుల్లయ్య వచ్చి మాటు వేశాడు. అతుకంతా కరిగించి కొత్తగా పోశాడు. కారడం ఆగింది. బర్నరు ఒకోసారి పొగ చిమ్ముతుంది గానీ ఆరిపోవడం లేదు. "ఎన్నాళ్ళుంటుందయ్యా" అంటే ఈసారి కూడా అతను చెప్పలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున మా ఆయన లుంగీ ఎగ్గట్టి చింతపండు కోసం వంటింట్లోకి వచ్చారు. ముద్ద నా చేతిలో ఉంది.

"ఇటివ్వు."

"నేను తోముతాను."

"నీకెందుకు శ్రమ, స్కూలు లేని ఒక్క రోజూనూ."

"మీరు పేపరు చదువుకోండి" అన్నాను.

ఆయన చేతిలో ఏమీ లేనివాడిలా వరండాలోకి వెళ్ళారు. నేను కొంగు బిగించి బాయిలరు ముందు కూచున్నాను. అడుగూ, చుట్టూ ఒక పట్టు పట్టి, ఆ పేరు దగ్గరికొచ్చాను. అక్కడ చెయ్యి నిదానించలేదు. ఛా దగ్గర మొదలుపెట్టి వి దాకా, మళ్ళీ వి నుంచి ఛా దాకా, భుజం నొప్పెట్టేలా రుద్దాను. రాగి మెరిసింది. చుక్కలు ఇంకా స్పష్టంగా కనపడ్డాయి.

వెనక అలికిడైంది. మా అత్తగారు గోడ పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఎంతసేపట్నించి చూస్తున్నారో. నేను చెయ్యి ఆపాను. ఆవిడ కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, ఇటికపొడి డబ్బా తెచ్చి నా పక్కన పెట్టారు.

"ఉత్త చింతపండుతో పోదమ్మాయ్" అన్నారు.