పసిపిల్లల మందు లెక్క

ఆసుపత్రి మందుల గదిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి వారం కాలేదు, అప్పుడే పరువు తీసింది. పిల్లల బరువు కొడితే మందెంత ఇవ్వాలో లెక్కగట్టి చీటీ తీయడం దాని పని. ఒకసారి బుద్ధిగా తీస్తుంది, ఇంకోసారి చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది. ఇవాళ బాగుచేయకపోతే రేపటినుంచి ఆఫీసుకు రానక్కర్లేదని, దాన్ని ఎక్కించిన అమ్మాయికి ఆమె కంపెనీ మేనేజరు తెగేసి చెప్పాడు.

అందరూ సాఫ్ట్‌వేరమ్మాయి అని పిలిచే ఆమె ఇక్కడికి రావడం ఇది మూడోసారి. కేబుల్ మార్చింది, మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించింది. తను కూర్చుంటే ఆ మాయదారిది చక్కగా నడుస్తుంది. ఫార్మసిస్టు అక్క కూర్చోగానే మొరాయిస్తుంది.

చివరికి, ఏది ఎప్పుడు తెరుచుకుందో కంప్యూటర్ తనంతట తను రాసుకునే చిట్టా తీసింది. కొత్తది మూసుకుపోయిన ప్రతిసారీ, సరిగ్గా దానికి ముందు, ఇదివరకు ఈ లెక్కకే వాడిన పాత ప్రోగ్రామ్ తెరుచుకుంది. రెండూ ఒకే ఫైలు కోసం పెనుగులాడితే కొత్తది చతికిలబడుతోంది.

"అక్కా, పాతది తీసేశానన్నారు కదా!"

"తెరమీద బొమ్మ తీసేశానమ్మా. ప్రోగ్రామ్ తియ్యలేదు," అంది అక్క తలెత్తకుండా.

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదు! వెంటనే ఒళ్ళు మండింది. "ఇన్నిరోజులుగా నన్నిలా తిప్పుతున్నారే, ఎందుకు చేశారా పని?"

అక్క సొరుగులోంచి నోటుపుస్తకం తీసి ముందు పడేసింది. "చూడు. రెండు కిలోల ఆరొందల గ్రాముల పాపకి నీది మూడు కిలోల లెక్కన మందు చెప్పింది. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, కొత్త కదా మేడమ్, అలవాటైపోతుందన్నారు. అందుకే పాతదాంట్లో సరిచూసి చేత్తో దిద్దుతున్నా."

అమ్మాయి సెట్టింగులు తెరిచింది. గ్రాములుంటే బరువుని దగ్గర్లోని పూర్తి కిలోకి సవరించమనే గడిలో టిక్కు ఉంది. ఎక్కించిన రోజు త్వరగా ఇంటికెళ్ళాలని ఆదరాబాదరాగా కొట్టుకుంటూపోయిన టిక్కుల్లో అదొకటి.

వరండాలో ఆసుపత్రి సూపరింటెండెంట్ బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. టిక్కు తీసేసి, నెపం పాత ప్రోగ్రామ్ మీద నెట్టేస్తే సరి. మూడో కంటికి తెలియదు, ఉద్యోగం ఉంటుంది. చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది కూడా. అప్పుడు చిట్టాలో నిన్నటి తేదీ కంటబడింది. నిన్నంతా ఒక్కసారీ మూసుకుపోలేదు.

"నిన్న పాతది తెరవలేదా అక్కా?"

"నిన్న నాకు సెలవు. నా బదులు వచ్చినాయనకి పాతదాని సంగతి తెలియదు..." అక్క గబగబా నోటుపుస్తకం తిరగేసింది. నిన్నటి పేజీలో ఏమీ లేదు.

"దొరికిందా?" అన్నాడు సూపరింటెండెంట్ గుమ్మంలోంచి.

"దొరికింది సార్. తప్పు నాదే," అంది అమ్మాయి. "నిన్నటి చీటీలు నమ్మొద్దు. ముందు పసిపిల్లల మందు ఆపించండి, తర్వాత నన్నేమన్నా అనండి."

ఆయన వెనక్కి తిరిగి వార్డు వైపు పరుగెత్తాడు. నిన్నటి చీటీల్లో పసివాళ్ళవి మొత్తం ఏడు. అమ్మాయి పడకల నంబర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, అక్క వాటిని ఫోన్‌లో వార్డుకి చెబుతూ పోయింది.